మాడ్యూళ్ళన్నీ పూర్తయ్యాయి, తలనొప్పి తగ్గలేదు: ఓ ఇంటర్ విద్యార్థిని మైగ్రేన్ కేస్ స్టడీ

వయసు 16 ఏళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, విజయవాడ శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ. తండ్రికి తెనాలి వైపు ఎరువుల దుకాణం, తల్లి ఇంటిపట్టునే ఉంటుంది, తమ్ముడు ఎనిమిదో తరగతి. న్యూరాలజిస్టు మందు రాసి, దాంతోపాటు సైకాలజిస్టును కూడా కలవమని చీటీ ఇస్తే సెప్టెంబరు చివర్లో నా దగ్గరకు వచ్చారు. మాడ్యూళ్ళుగా, అంటే పాఠాలుగా, పిల్లలే స్వయంగా చేసుకునే ఆన్‌లైన్ థెరపీ ప్రోగ్రామ్ ఒకటి ఇచ్చాను. అది ఎలా నడిచిందన్నదే ఈ కథ. అమ్మాయీ తల్లిదండ్రులూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చేశాను.

సైకాలజిస్టు దగ్గరికి పంపడం తండ్రికి నచ్చలేదు. ‘నొప్పి తలలో ఉంది గానీ మతిలో లేదు కదండీ’ అన్నారు కూర్చోకముందే. అమ్మాయి అప్పుడేం మాట్లాడలేదు. పెద్దవాళ్ళు బయటికి వెళ్ళాక మాత్రం, ‘నేను నటిస్తున్నానని డాక్టరు గారు మీకు రాశారా సార్?’ అని అడిగింది. మైగ్రేన్ ఉన్న పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట తేల్చుకోవాల్సిన విషయం దాదాపు ఎప్పుడూ ఇదే. ఇది తేలకుండా థెరపీ మొదలుపెడితే, చెప్పే ప్రతి మాటా ‘నీకేం లేదు పో’ అన్నట్టే వినిపిస్తుంది.

వచ్చేనాటి పరిస్థితి

నొప్పి తొమ్మిదో తరగతి నుంచే ఉంది, నెలకు రెండు మూడుసార్లు వచ్చేది. హాస్టల్లో చేరిన రెండు నెలలకు వారానికి నాలుగు రోజులైంది. రెండు కణతల దగ్గరా కొట్టుకుంటున్నట్టు పోటు, వాంతి వస్తున్నట్టు ఉండటం, ట్యూబులైటు వెలుతురు పడకపోవడం, పక్కవాళ్ళు గట్టిగా చదువుతుంటే భరించలేకపోవడం. మెట్లెక్కితే పోటు పెరుగుతుంది. మూడు నాలుగు గంటలు ఉండి, నిద్రపడితే తగ్గుతుంది. పెద్దవాళ్ళలో మైగ్రేన్ అనాలంటే నొప్పి కనీసం 4 గంటలు ఉండాలి. 18 ఏళ్ళలోపు వాళ్ళకు 2 గంటలు ఉన్నా చాలని అంతర్జాతీయ వర్గీకరణ చెబుతుంది. ఒకవైపే రావాలన్న నియమం కూడా పిల్లల్లో అంతగా వర్తించదు. మనవాళ్ళు దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు కాబట్టి రెండువైపులా వస్తే ‘ఇది అది కాదులే’ అని వదిలేసే ఇళ్ళు చాలా చూశాను. ఈ ఇంట్లోనూ అదే జరిగింది. ముందు కళ్ళజోడు మార్చారు, తర్వాత సైనస్‌కు మందులు వాడారు, నాయనమ్మ దిష్టి తీసింది.

న్యూరాలజిస్టు కంటి వెనకభాగం చూశారు, నరాల పరీక్ష చేశారు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి, నిద్రలోంచి లేపేసే నొప్పి, పొద్దున లేవగానే వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత, చూపు రెండుగా కనిపించడం, వేరే పెద్ద జబ్బేమో అని అనుమానించాల్సిన ఇలాంటి గుర్తులేవీ లేవు. ఈ పరీక్ష జరిగిందని కాగితం మీద చూడకుండా నేను తలనొప్పి కేసు తీసుకోను.

డైరీ ప్రకారం 28 రోజుల్లో 17 రోజులు తలనొప్పి, అందులో పది రోజులు మైగ్రేన్ లక్షణాలతో. నెలకు 15 రోజులు దాటిన నొప్పి మూడు నెలలకు పైగా ఉంటే, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ తరహాలో ఉంటే దాన్ని క్రానిక్ మైగ్రేన్ అంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే, కెఫీన్ కలిసిన కాంబినేషన్ మాత్ర ఆ అమ్మాయి నెలకు పన్నెండు రోజులు వేసుకుంటోంది. కాంబినేషన్ మాత్రలు నెలకు 10 రోజులు, పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు 15 రోజులు, ఈ లెక్కన మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. తల్లికి ఈ మాట నమ్మశక్యంగా అనిపించలేదు. ‘తగ్గడానికి వేసుకునేది పెంచుతుందా?’ అని రెండుసార్లు అడిగింది.

చదువుకీ రోజువారీ పనులకీ ఎంత అడ్డం పడుతోందో చూడటానికి పెడ్‌మిడాస్ అనే ప్రశ్నావళి వాడాను. గత మూడు నెలల గురించి ఆరు ప్రశ్నలుంటాయి, 50 దాటితే తీవ్రం. ఆమెకు 58 వచ్చింది. డిప్రెషన్ ప్రశ్నావళిలో తేలికపాటి స్థాయి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను, లేదంది. హాస్టల్ పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఎప్పుడూ వదలను. అవునని చెప్పి ఉంటే ఆన్‌లైన్ ప్రోగ్రామ్ మాటే ఎత్తేవాణ్ణి కాదు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు 14416 తల్లిదండ్రులకూ అమ్మాయికీ ఇద్దరికీ రాసిచ్చాను, అది అందరికీ ఇచ్చేదే.

న్యూరాలజిస్టు నొప్పి రాకుండా చూసే మందుగా రాత్రిపూట 5 మిల్లీగ్రాముల ఫ్లూనరిజిన్ రాశారు. కాంబినేషన్ మాత్ర పూర్తిగా ఆపేసి, నొప్పి మొదలైన అరగంటలోపు నాప్రాక్సెన్ అనే నొప్పి మాత్ర, అదీ వారానికి రెండు రోజులు మించకుండా అన్నారు. ఫ్లూనరిజిన్‌తో కొందరికి మబ్బుగా ఉంటుంది, బరువు పెరుగుతారు, మనసు కుంగుతుంది. మూడోదాన్ని కనిపెట్టుకుని ఉండటం నా వంతు పని.

ఆన్‌లైన్ ఎందుకు పెట్టాల్సి వచ్చింది

మందులతోనే సరిపెట్టవచ్చు కదా అంటే, ఈ వయసులో మందుల బలం ఎంతో 2017లో అమెరికాలో జరిగిన చాంప్ అధ్యయనం తేటతెల్లం చేసింది. 8 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు ఒక గుంపుకు అమిట్రిప్టిలిన్, ఒక గుంపుకు టోపిరామేట్, ఇంకో గుంపుకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. నొప్పి రోజులు సగానికి సగం తగ్గినవాళ్ళు వరుసగా 52, 55, 61 శాతం. ఉత్త మాత్రే ముందుంది. ప్రయోజనం తేలేలా లేదని అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. అంతకుముందు 2013లో సిన్సినాటిలో 10 నుంచి 17 ఏళ్ళ 135 మందికి అమిట్రిప్టిలిన్‌తోపాటు దాదాపు సగం మందికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే చికిత్స), మిగతావాళ్ళకు తలనొప్పి గురించిన పాఠాలు ఇచ్చి చూశారు. 20 వారాలకు, 28 రోజుల లెక్కన, థెరపీ గుంపుకు 11.5 రోజులు తగ్గాయి, రెండో గుంపుకు 6.8.

ఆ ఫలితం ఎదురుగా కూర్చోబెట్టి చేసిన థెరపీది. అదే సరుకును కంప్యూటర్లో పెట్టి పిల్లలే చేసుకునేలా ఇస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. సియాటిల్‌లో సైకాలజిస్టు టోన్యా పలెర్మో బృందం వెబ్‌మ్యాప్ పేరుతో ఇలాంటిది తయారుచేసి దీర్ఘకాలిక నొప్పులున్న పిల్లల మీద ఏళ్ళ తరబడి పరీక్షించింది, తర్వాత మొబైల్ యాప్‌గా కూడా తెచ్చింది. పిల్లలకు విడిగా, తల్లిదండ్రులకు విడిగా పాఠాలుంటాయి. అయితే 2015లో అదే బృందం 83 మంది తలనొప్పి పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనంలో, మామూలు వైద్యానికి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ తోడుచేసిన గుంపుకూ, వైద్యం మాత్రమే అందిన గుంపుకూ నొప్పి రోజుల్లో తేడా రాలేదు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. కాబట్టి ‘యాప్ చేస్తే తగ్గిపోతుంది’ అని ఏ తల్లికీ చెప్పను.

మరి ఎందుకు ఎంచుకున్నట్టు? వేరే దారి లేదు గనక. అమ్మాయి ఉండేది హాస్టల్లో. నెలకొక ఔటింగ్. వారం వారం నా దగ్గరికి పంపమంటే కాలేజీ ఒప్పుకోదు, తెనాలి నుంచి వచ్చి తీసుకెళ్ళడం తండ్రికి కుదరదు. తలనొప్పి పిల్లలతో పనిచేసే సైకాలజిస్టులు జిల్లాకు ఒకరో ఇద్దరో ఉన్నచోట, వారానికి గంట చొప్పున పది వారాలు అనే లెక్క కాగితం మీదే నడుస్తుంది. అందుకే ఇంగ్లిష్‌లో ఉన్న ఎనిమిది మాడ్యూళ్ళ స్వయంగా చేసుకునే ప్రోగ్రామ్ ఒకటి ఇచ్చి, మధ్యలో నేను పలకరించేలా ఏర్పాటు చేశాను. నొప్పి ఎలా పుడుతుంది, నిద్ర-తిండి-నీళ్ళు, ఊపిరి, కండరాలు వదులు చేయడం, ఆలోచనలు, పనుల సర్దుబాటు, స్కూల్లో ఏం చేయాలి, మళ్ళీ పెరిగితే ఏం చేయాలి, ఇదీ వరస.

‘ఫోన్ చూస్తేనే కదండీ తలనొప్పి వచ్చేది, మళ్ళీ ఫోన్లోనే వైద్యమా?’ అంది తల్లి. న్యాయమైన ప్రశ్న. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, పాఠం ఇరవై నిమిషాలు మించకుండా, మిగతాదంతా కళ్ళు మూసుకుని వినేదే అని చెప్పాను.

దసరా సెలవుల్లో

సెలవులకు ఇంటికి వెళ్ళి, తల్లి ఫోన్లో మొదలుపెట్టింది. వారానికొక మాడ్యూల్ చొప్పున రెండు నెలలు పట్టాల్సినది సెలవులు అయ్యేలోగా పూర్తిచేసింది. ప్రతి మాడ్యూల్ చివర ఉండే క్విజ్‌లో అన్నీ పూర్తి మార్కులు. నొప్పి డైరీలో ఒక్క ఖాళీ లేదు. ప్రోగ్రామ్ దృష్టిలో ఆదర్శ విద్యార్థిని. సెలవులు అయ్యేసరికి నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది, ఇంకాస్త ఎక్కువే అనిపించింది. (కాంబినేషన్ మాత్ర ఆపిన మొదటి ఒకటి రెండు వారాలు నొప్పి పెరగడం మామూలే. ముందే చెప్పి ఉంచడం వల్ల మాత్ర జోలికి మళ్ళీ పోలేదు. అది చిన్న విషయం కాదు.)

థెరపిస్టుకు కనిపించే పేజీలో ఏది ఎప్పుడు నింపారో సమయంతో సహా ఉంటుంది. వారం రోజుల డైరీ ఆదివారం రాత్రి పదకొండింటికి నాలుగు నిమిషాల్లో నింపేసి ఉంది. పద్దెనిమిది నిమిషాల రిలాక్సేషన్ ఆడియో మూడు నిమిషాలకే ముందుకు జరిపేసి ఉంది. అడిగితే దాపరికం లేకుండా చెప్పింది: ‘కాన్సెప్ట్ అర్థమైంది సార్, మిగతాది రిపీటే కదా.’

ఈ కేసులో అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సులు, వీకెండ్ టెస్టులు, ర్యాంకు లిస్టుల మధ్య పెరిగిన పిల్ల చేతికి పాఠాలు, క్విజ్‌లు, ప్రోగ్రెస్ బార్ ఉన్న వస్తువు ఇస్తే దాన్ని సిలబస్‌లాగే చూస్తుంది. త్వరగా ముగించడమే దాన్ని బాగా చేయడం. ఊపిరి ఎలా తీయాలో తెలియడం వేరు, రోజూ తీయడం వేరు అన్నది ప్రోగ్రామ్ మొదటి పేజీలోనే రాసి ఉంది. దాన్నీ చదివి, దాని మీద వచ్చిన ప్రశ్నకూ సరైన జవాబు పెట్టింది. స్వయంగా చేసుకునే ప్రోగ్రామ్‌లను పరీక్షించినవాళ్ళు సాధారణంగా మధ్యలో మానేసేవాళ్ళ గురించి బెంగపడతారు. మన కోచింగ్ పిల్లల్లో నాకు ఎదురవుతున్న సమస్య దీనికి తలకిందులు: అందరూ పూర్తిచేస్తారు.

ఇంకో విషయం తర్వాత బయటపడింది. ‘నొప్పి వచ్చినప్పుడు మనసులో ఏమనుకుంటావు’ అన్న పెట్టెలో ప్రతిసారీ ‘పాజిటివ్‌గా ఉండాలి’ అనే రాసింది. ఫోన్ అమ్మది, లాగిన్ సేవ్ అయి ఉంది. అమ్మ చూస్తుందని తెలిసినచోట ఏ పదహారేళ్ళ పిల్ల నిజం రాస్తుంది?

మళ్ళీ మొదటినుంచి, కొంచెమే

హాస్టల్లో ఫోన్ నిషేధం. సెలవులయ్యాక ప్రోగ్రామ్ ఎలాగూ తెరవలేదు. ఆ ఇబ్బందే మాకు కలిసొచ్చింది. ఎనిమిదింటిలో మూడే ఉంచాం: ఊపిరితోపాటు కండరాల వదులు, పనుల సర్దుబాటు, ఆలోచనల కాగితం. వీటిలో ఒక్కోదాన్ని రెండేసి వారాలు చేశాకే తర్వాతిది. క్విజ్ లేదు. జేబులో పట్టే ఎంపీత్రీ ప్లేయర్, ఇంటర్నెట్ లేనిది, ఆడియో వేసి ఇచ్చాం. దానికి వార్డెన్ ఒప్పుకున్నారు. డైరీ ఒక చిన్న పుస్తకం, రోజుకొక గీత: నొప్పి ఉందా, ఎంత, ఏ పని ఆగింది, మాత్ర వేసుకుందా. నెలకోసారి ఔటింగ్‌లో నా దగ్గరికి, మధ్యలో ఒక ఆదివారం తల్లి ఫోన్ నుంచి పదిహేను నిమిషాలు.

ఇంగ్లిష్ ఆడియో తీసేశాను. ఆ గొంతు అమెరికన్ యాసలో సముద్రపు ఒడ్డున పడుకున్నట్టు ఊహించుకోమంటుంది. ఈ అమ్మాయి సముద్రం చూసింది సూర్యలంకలో, కార్తీక మాసం జనంలో, చెప్పులు పోగొట్టుకుని. నీకు ఎక్కడ ఒళ్ళు తేలికగా ఉంటుందో నువ్వే చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి అమ్మమ్మగారి డాబా అంది. ఎండాకాలం సాయంత్రం బక్కెట్లతో నీళ్ళు పోసి చల్లార్చిన డాబా, ఆరుతున్న సిమెంటు వాసన, మడత మంచం, పక్కింట్లో టీవీ సీరియల్ చప్పుడు. అదే వరసలో తెలుగులో తొమ్మిది నిమిషాల ఆడియో రికార్డు చేశాను. నుదురు, దవడలు, మెడ, భుజాలు ఒక్కొక్కటి బిగించి వదలడం అందులోనే కలిపాను. 1920లలో అమెరికా డాక్టరు ఎడ్మండ్ జేకబ్సన్ చెప్పిన పద్ధతే ఇది, డాబా ఒక్కటే కొత్త. టీవీ సీరియల్ సంగతి కూడా ఉండాలని అమ్మాయి పట్టుబట్టింది, ఉంచాను.

నా గదిలో వేళ్ళు వెచ్చబెట్టే అభ్యాసం కూడా చేయించాను. ఒళ్ళు వదులైనప్పుడు చేతి వేళ్ళకు రక్తం ఎక్కువ పారి చర్మం వెచ్చబడుతుంది. మైగ్రేన్‌లో చాలాకాలంగా వాడుతున్న బయోఫీడ్‌బ్యాక్ (ఒంట్లో మార్పును అంకెల్లో చూసుకుంటూ అదుపు నేర్చుకోవడం) ఇదే. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పనికిరాదు, వేడి తక్కువైతే ‘లో’ అని చూపించి ఊరుకుంటుంది. చేపల తొట్టెలో వేసే, తీగ చివర ప్రోబ్ ఉన్నది తీసుకుని చూపుడువేలికి ప్లాస్టర్‌తో అంటించాను. ఏసీ గదిలో 29.4 డిగ్రీల దగ్గర మొదలైంది. పెంచాలని పళ్ళు బిగబట్టి చూసినంతసేపూ 28.9కి పడిపోయింది. కళ్ళు మూసుకుని, అంకె సంగతి వదిలేసి డాబా ఆడియో విన్నాక చూస్తే 32.1. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని, ‘ట్రై చేస్తే తగ్గుతోంది సార్’ అని నవ్వింది. నేను వందసార్లు చెప్పినా ఎక్కని విషయం వేలి చివర కనిపించింది. ఈ అభ్యాసం చేయదలచినవాళ్ళకు ఒక మాట: మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో దీనికి అర్థం లేదు, వేళ్ళు అప్పటికే వెచ్చగా ఉంటాయి.

ఆలోచనల కాగితం మడిచి నాకే ఇచ్చేలా ఒప్పందం. పాజిటివ్ మాటలు పోయి అసలు మాట వచ్చింది: ‘నొప్పి వస్తే ఆ రోజు పోయినట్టే. రోజు పోతే టెస్ట్ పోతుంది. టెస్ట్ పోతే సెక్షన్ మారుస్తారు.’ అక్కడ మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తుంటారు, కింది సెక్షన్‌కు వెళ్తే లెక్చరర్లు కూడా మారతారు. కాబట్టి ఆ భయం ఉత్తదేమీ కాదు, ‘అలా అనుకోకు’ అంటే కుదరదు. ‘రోజు పోయినట్టే’ అన్న ముక్కను మాత్రం పరీక్షకు పెట్టాం. నొప్పి వచ్చిన రోజున, వెంటనే మాత్ర వేసుకుని గంట చీకట్లో పడుకుని లేచాక, ఆ రోజు మిగిలిన స్టడీ అవర్లలో ఎన్ని లెక్కలు చేయగలిగిందో డైరీలో రాయమన్నాను. చాలా రోజుల్లో మామూలు రోజుకు సగం పైనే వచ్చాయి. రెండు రోజులు సున్నా. సున్నాలు కూడా రాసినందుకు ఆ డైరీని నమ్మాను.

పనుల సర్దుబాటు కష్టమైంది. నొప్పి లేని రోజున పోయిన రోజులదంతా పూడ్చాలని రాత్రి ఒంటిగంట దాకా చదివేది, మర్నాడు నొప్పి వచ్చేది. మైగ్రేన్ ఉన్న మెదడుకు మార్పు పడదు. నిద్ర తక్కువైనా నొప్పే, ఆదివారం పదింటిదాకా పడుకున్నా నొప్పే. బాగున్న రోజున కూడా ఆపాలి అన్న మాట చదువుకునే పిల్లకు ఎంత మింగుడుపడదో చెప్పలేను. దీని మీద మేమిద్దరం చాలాసార్లు వాదించుకున్నాం. చివరికి పన్నెండింటికి ఒప్పుకుంది, పదకొండుకు కాదు.

అమ్మ

తల్లికీ మైగ్రేన్ ఉందని మూడోసారి కలిసినప్పుడు తెలిసింది. ఎవరూ ఆ పేరు పెట్టలేదు, అంతే. నెలకు రెండు మూడుసార్లు తలకు గుడ్డ బిగించి కట్టుకుని, అమృతాంజనం రాసుకుని, చీకటి గదిలో పడుకోవడం, లేచి మళ్ళీ వంట చేయడం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపు సీసా లేని తెలుగు ఇల్లు ఉండదు గానీ, దాని వెనక ఎన్ని మైగ్రేన్లు పేరు లేకుండా గడిచిపోయాయో. బెంగళూరు ప్రాంతంలో 18 నుంచి 65 ఏళ్ళవాళ్ళ మీద ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో ఏడాది కాలంలో నాలుగో వంతు మందికి మైగ్రేన్ తేలింది. వంశంలో వచ్చే జబ్బని చెప్పేసరికి తండ్రి భార్యవైపు చూసి, ‘అయితే ఇది నటన కాదన్నమాట’ అన్నారు. అమ్మాయి మొదటిరోజు నన్నడిగిన ప్రశ్నకు జవాబు అలా వచ్చింది.

తల్లిదండ్రులకున్న పాఠాల్లో ముఖ్యమైనది ఒకటి: నొప్పి గురించి మాటిమాటికీ అడగకండి, చేసిన పనిని పట్టించుకోండి. ఫోన్లో తల్లి మొదటి మాట ఎప్పుడూ ‘తలనొప్పి వచ్చిందా అమ్మలూ?’ అనే. అడిగిన ప్రతిసారీ పిల్ల తన తలలోకి తొంగి చూసుకుంటుంది, వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఇది చెబితే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ‘అడక్కపోతే నేను తల్లినేనాండీ?’ మానేయమనలేదు, వరస మార్చమన్నాను: ముందు తమ్ముడి సంగతి, భోజనంలో ఏం పెట్టారు, రూమ్మేట్ ఏమంది, నొప్పి సంగతి అమ్మాయే ఎత్తితే వినడం. ఆమె కూడా డాబా ఆడియో కాపీ చేసుకుందని తర్వాత తెలిసింది. అమ్మమ్మగారి డాబా ఆమెకు పుట్టిల్లే కదా.

నొప్పి వస్తే ఇంటికి తీసుకురావడం కూడా ఆపాలి. తండ్రికి ఇది సులువుగా నచ్చింది, కారణం వేరు (కట్టిన ఫీజు). తల్లికి నచ్చలేదు. ఇంటికి రావడం శిక్షో బహుమానమో కాకుండా, నెలకొకసారి నొప్పి ఉన్నా లేకపోయినా తప్పకుండా వచ్చేలా పెట్టుకున్నాక ఆ గొడవ సద్దుమణిగింది.

కాలేజీతో

ప్రోగ్రామ్‌లో ‘స్కూల్లో ఏం చేయాలి’ అన్న మాడ్యూల్ చదివితే నవ్వొస్తుంది. టీచరుతో మాట్లాడి హోంవర్క్ తగ్గించుకోమంటుంది. ఇక్కడ ఉదయం అయిదింటికి లేపి, ఆరింటికి స్టడీ అవర్లో కూర్చోబెట్టి, ఎనిమిదిన్నరకు టిఫిన్ పెడతారు. రాత్రి పదిన్నరకు ముగుస్తుంది. లేచిన మూడున్నర గంటల దాకా కడుపులో ఏమీ పడదు. మాత్రలన్నీ ఫ్లోర్ ఇన్‌చార్జి దగ్గర తాళంలో ఉంటాయి, స్టడీ అవర్ అయ్యాకే ఇస్తారు. నాప్రాక్సెన్ అరగంటలో పడాలని డాక్టరు రాస్తే, ఇక్కడ సగటున గంటన్నరకు పడుతోంది. అప్పటికి వాంతి మొదలై మాత్ర నిలవదు.

చదువు తగ్గించమని అడగలేదు, అడిగినా జరగదు. న్యూరాలజిస్టు లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాయించి తండ్రి ద్వారా పంపాం: పొద్దున ఆరుకు ముందు ఒక అరటిపండో పల్లీ ఉండో, డెస్కు మీద నీళ్ళ సీసా, మినుకుమనే ట్యూబులైటు కింద నుంచి సీటు మార్పు, నొప్పి మొదలవగానే మాత్ర, సిక్ రూమ్‌లో గంట, ఆ తర్వాత తిరిగి క్లాసుకు. చివరి వాక్యమే పని చేసిందని నా నమ్మకం. పిల్ల తిరిగి క్లాసుకు వస్తుందని డాక్టరే రాయడం వాళ్ళకు కొత్త. సీటు తప్ప అన్నీ ఒప్పుకున్నారు. ట్యూబులైటు వారం తర్వాత ఎవరో మార్చారట, ఎవరో తెలియదు.

అంకెలు

నవంబరులో 28 రోజుల్లో 14 రోజులు నొప్పి. డిసెంబరులో 11. జనవరిలో సంక్రాంతి సెలవులతో కలిపి 7. ఫిబ్రవరిలో 8. మాత్ర వేసుకున్న రోజులు నెలకు అయిదుకు మించలేదు. ఫిబ్రవరి చివర పెడ్‌మిడాస్ 24, అంటే తీవ్రం నుంచి తేలిక స్థాయికి. మార్చి పరీక్షల నెలలో మళ్ళీ 11. పరీక్షలు అన్నీ రాసింది, ఒక్కటీ వదల్లేదు. డిప్రెషన్ స్కోరు పెరగలేదు, బరువు రెండు కిలోలు పెరిగింది, అది మందువల్లే అనుకుంటున్నాం.

ఇందులో ఏది దేనివల్ల తగ్గిందో ఒక్క కేసును బట్టి విడదీయడం కుదరదు. ఫ్లూనరిజిన్ ఉంది, కాంబినేషన్ మాత్ర ఆపడం ఉంది, పొద్దున్నే అరటిపండు ఉంది, మాత్ర వేళకు పడటం ఉంది. నన్నడిగితే మాత్ర ఆపడానికి, వేళకు తిండికి పెద్ద వాటా ఇస్తాను. ఆడియో వల్ల నొప్పి రోజులు తగ్గాయో లేదో గానీ, నొప్పి ఉన్న రోజున పనులు ఆగడం తగ్గిందని డైరీయే చెబుతోంది: ‘ఏ పని ఆగింది’ అన్న గడిలో డిసెంబరు నుంచి ఖాళీలు పెరిగాయి. జనవరి తర్వాత రోజూ ఆడియో వినడం లేదు, వారానికి మూడు నాలుగుసార్లు అంది. అబద్ధం చెప్పకుండా అలా చెప్పగలగడం నాకు నచ్చింది.

ఇలాంటి కేసుల్లో మిగతా థెరపిస్టులకు నేను చెప్పేది ఒకటే. ప్రోగ్రామ్ ఇచ్చేముందు అది ఎవరి ఫోన్లో, ఏ గదిలో, రోజులో ఏ పది నిమిషాల్లో జరుగుతుందో పిల్ల చేత చెప్పించండి. ఆ మూడింటికీ జవాబు లేకపోతే మాడ్యూళ్ళ సంఖ్య ఎంతైనా ఒకటే. వారం తర్వాత ఎంత పూర్తయిందని కాకుండా, నిన్న ఎప్పుడు చేశావని అడగండి.

మే నెలలో న్యూరాలజిస్టు ఫ్లూనరిజిన్ ఆపేశారు. జూన్ మొదటి వారంలో రెండో సంవత్సరం క్లాసులు మొదలయ్యాయి, అదే సెక్షన్. ఎంపీత్రీ ప్లేయర్‌కు ఫ్లోర్ ఇన్‌చార్జి మారాక మళ్ళీ అనుమతి కావాల్సి వచ్చింది, ఈసారి ఉత్తరం అమ్మాయే రాసుకుంది. రెండో సంవత్సరంలో జేఈఈ కూడా ఉంది కాబట్టి డిసెంబరు దాకా నెలకోసారి కలవాలని అనుకున్నాం, డైరీ మాత్రం వారానికి మూడు రోజులు రాస్తే చాలన్నాను.